అమ్మ వైద్యం కోసం పొలం అమ్మేయాలా?

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు. ఏడాదిన్నర కిందట అండాశయ క్యాన్సర్ అని తేలింది. హై గ్రేడ్ సీరస్ రకం, స్టేజ్ 3సి అన్నారు. మూడు కీమోలు, ఆపరేషన్, మళ్లీ మూడు కీమోలు అయ్యాయి. చివరి కీమో అయిన ఐదు నెలలకే పొట్టలో నీరు చేరింది. రక్తంలో సీఏ 125 అనే క్యాన్సర్ సూచిక పెరిగింది, జబ్బు తిరగబెట్టిందని స్కాన్‌లో తెలిసింది. వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో, దాంతోపాటు గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే బెవాసిజుమాబ్ ఇద్దామని మా డాక్టరు గారు అంటున్నారు. డాలస్‌లో ఉండే మా అన్నయ్య మాత్రం, పాత కీమోతో టైం వేస్ట్ చేయొద్దు, ఇప్పుడు మందులన్నీ రోగనిరోధక కణాల మీదుండే రిసెప్టర్లనే గురి చూస్తున్నాయి, ఇమ్యునోథెరపీ మొదలుపెట్టండి అంటున్నాడు. బయాప్సీ ముక్క మీద చేయించిన టెస్టులో పీడీ-ఎల్1 సీపీఎస్ 3 అని వచ్చింది. అమ్మ పేరు మీద రెండెకరాల పొలం ఉంది, అది అమ్మేద్దామంటున్నాడు. నాన్న లేరు. జబ్బు తిరిగొచ్చిందని అమ్మకి చెప్పలేదు, నీరసానికి ఇంజెక్షన్లు అన్నాం. అమ్మకి పన్నెండేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం కూడా ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ వైసొలోన్ 5 వేరే డాక్టరు దగ్గర వాడుతోంది. పాత జబ్బే కదా అని అది క్యాన్సర్ డాక్టరుకి చెప్పలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, కావలి

సమాధానం: మీరు ఉత్తరం చివర్లో, పెద్ద విషయం కాదన్నట్టు రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. అమ్మగారు మెథోట్రెక్సేట్, వైసొలోన్ వాడుతున్న సంగతి క్యాన్సర్ డాక్టరుకి తెలియదు. మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి. మెథోట్రెక్సేట్ రక్తకణాలను తగ్గించగలదు. కీమో కూడా అదే చేస్తుంది. పైగా పొట్టలో నీరు చేరినవాళ్లకు మెథోట్రెక్సేట్ ఆ నీళ్లలో చేరి, ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు. తెల్లకణాలు బాగా పడిపోతే చిన్న ఇన్ఫెక్షన్ కూడా ఆస్పత్రి పాలు చేస్తుంది. ఈ వారం ఆ మాత్ర వేసుకునే రోజు రాకముందే ఇద్దరు డాక్టర్లతోనూ మాట్లాడండి. భయపడి వైసొలోన్ మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి. ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

ఆ కీళ్లవాతానికీ, అన్నయ్య చెబుతున్న ఇమ్యునోథెరపీకీ కూడా దగ్గరి సంబంధం ఉంది. అది అర్థం కావాలంటే ముందు రిసెప్టర్ గురించి చెప్పాలి.

రిసెప్టర్ అంటే కణం మీద ఉండే ఒక ప్రొటీన్. బయటి నుంచి వచ్చే సంకేతాన్ని పట్టుకుని కణం లోపలికి చేరవేస్తుంది. మన తెల్లకణాల్లో టి కణాలని ఒక రకం ఉంటాయి. వైరస్ సోకిన కణాన్నీ, క్యాన్సర్‌గా మారిన కణాన్నీ ఇవి గుర్తుపట్టి చంపగలవు. వాటి మీద ఉండే రిసెప్టర్లలో ఒకటి పీడీ-1.

మీది పొలం ఉన్న ఇల్లు కాబట్టి ఇలా చెబుతాను. గుంటక తోలేటప్పుడు సాళ్ల మధ్య నడిచే ఎద్దు పైరు మేయకుండా మూతికి చిక్కం కడతారు కదా. టి కణానికి పీడీ-1 అలాంటి చిక్కమే. మన ఒంటినే మనం మేసేయకుండా ప్రకృతి కట్టింది. చాలా క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను తమ మీద పెంచుకుంటాయి. అది టి కణం మీది పీడీ-1కు తగలగానే చిక్కం బిగుసుకుంటుంది. ఇక కలుపు పక్కనే ఉన్నా ఎద్దు నోరు పెట్టలేదు. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే మందులు పీడీ-1ను పట్టుకుని, పీడీ-ఎల్1 దానికి తగలకుండా అడ్డుపడతాయి. అంటే చిక్కం విప్పుతాయి. ఈ మందులు నేరుగా క్యాన్సర్ కణాన్ని చంపవు. చంపాల్సింది మన టి కణాలే.

'ఇమ్యూనిటీ పెంచుతాం' అంటూ అమ్మే పొడులకూ, కషాయాలకూ దీనితో ఏ సంబంధమూ లేదు. ఎవరైనా తిప్పతీగ ఇవ్వమంటే వద్దనండి. అది వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ల గురించి 2021లో ముంబయి డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. కీమో తీసుకుంటున్న మనిషికి లివర్ పాడైతే అసలు వైద్యమే ఆగిపోతుంది.

పీడీ-1 జన్యువును 1992లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం కనిపెట్టింది. ఇలాంటిదే సీటీఎల్ఏ-4 అనే మరో రిసెప్టర్ మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌తో కలిసి ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది. ఆ క్యోటోలోనే గైనకాలజీ డాక్టర్లు, ప్లాటినం కీమోకు (కార్బోప్లాటిన్ లాంటి మందులతో ఇచ్చేది) లొంగని అండాశయ క్యాన్సర్ ఉన్న 20 మందికి నివోలుమాబ్ ఇచ్చి చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ముగ్గురికి గడ్డలు బాగా తగ్గాయి. వాళ్లలో ఇద్దరికి స్కాన్‌లో పూర్తిగా మాయమయ్యాయి. ఇరవైలో ఇద్దరే అయినా, ఈ జబ్బు చూసే డాక్టర్లకు అది ఎంత ఆశ కలిగించిందో మీరు ఊహించుకోవచ్చు.

తర్వాత జపాన్‌లోనే 316 మందితో సరైన పోలిక చేశారు. కొందరికి నివోలుమాబ్, కొందరికి మామూలు కీమో. కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 12.1 నెలలకు మించి బతికితే, నివోలుమాబ్ తీసుకున్నవాళ్లలో సగం మంది 10.1 నెలలకు మించి బతికారు. జబ్బు పెరగకుండా నిలిచిన కాలం కీమోతో 3.8 నెలలు, నివోలుమాబ్‌తో 2 నెలలు. పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చిన ఇంకో పరీక్షలో 376 మంది పాల్గొన్నారు. నూటికి సుమారు ఎనిమిది మందికే గడ్డలు చెప్పుకోదగ్గంతగా తగ్గాయి. 'కీమో ఆపేసి ఇమ్యునోథెరపీ ఇప్పించండి' అనే మాటకు ఈ లెక్కలే నా జవాబు. అన్నయ్య ప్రేమతోనే అంటున్నాడు, కానీ ఆ పని చేయకండి.

చర్మానికి వచ్చే మెలనోమాలో అంత బాగా పనిచేసిన మందు ఇక్కడ ఎందుకు తేలిపోయింది? ఒక కారణం 2003లోనే అమెరికాలో 186 మంది అండాశయ క్యాన్సర్ గడ్డలను పరీక్షించినప్పుడు కనిపించింది. గడ్డ లోపలికి టి కణాలు చొరబడినవాళ్లలో నూటికి 38 మంది ఐదేళ్లు దాటి బతికారు. టి కణాలు లోపలికి రానివాళ్లలో ఐదుగురు కూడా లేరు. ఎద్దు చేలోకే రానప్పుడు చిక్కం విప్పి ఏం లాభం? మరుసటి ఏడాది ఇంకో విషయం బయటపడింది. పొట్టలో చేరే ఆ నీళ్లలో క్యాన్సర్ కణాలూ, మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలూ కలిసి సీసీఎల్22 అనే రసాయనాన్ని వదులుతాయి. దాన్ని సీసీఆర్4 అనే రిసెప్టర్‌తో పసిగట్టి రెగ్యులేటరీ టి కణాలు అక్కడికి చేరతాయి. వీటి పని మిగతా టి కణాలను జోకొట్టడం. మెలనోమాతో పోలిస్తే ఈ క్యాన్సర్‌లో జన్యు మార్పులు కూడా తక్కువే, అందువల్ల ఇది పరాయి కణమని టి కణాలు గుర్తుపట్టడానికి ఆనవాళ్లూ తక్కువ. ఇన్ని అడ్డంకులు ఉన్నచోట ఒక్క రిసెప్టర్‌ను మూసేస్తే సరిపోలేదు.

అయితే అన్నయ్య మాటలో నిజం కూడా ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. 2025 అక్టోబరులో బెర్లిన్‌లో జరిగిన యూరప్ క్యాన్సర్ వైద్యుల మహాసభలో కీనోట్-బి96 అనే పరీక్ష ఫలితాలు చెప్పారు. అందులో 643 మంది ఉన్నారు. అందరిదీ మీ అమ్మగారి లాంటి పరిస్థితే. ప్లాటినం కీమో అయిన ఆరు నెలల లోపే జబ్బు తిరగబెడితే దాన్ని ప్లాటినంకు లొంగని జబ్బు అంటారు. మీ అమ్మగారి ఐదు నెలలు ఆ గీతకు లోపలే ఉన్నాయి. ఈ పరీక్షలో అందరికీ వారం వారం పాక్లిటాక్సెల్ ఇచ్చారు, చాలామందికి బెవాసిజుమాబ్ కూడా ఇచ్చారు. సగం మందికి వాటికి తోడుగా పెంబ్రోలిజుమాబ్ కలిపారు. సీపీఎస్ 1 గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్లలో, కలపని గుంపులో సగం మంది 14 నెలలకు మించి బతికితే, కలిపిన గుంపులో సగం మంది 18.2 నెలలకు మించి బతికారు. జబ్బు పెరగకుండా ఉన్న కాలం 7.2 నెలల నుంచి 8.3 నెలలకు పెరిగింది. ఇన్నేళ్ల వైఫల్యాల తర్వాత ఈ దశలో ఆయుష్షు పెరిగిందని చూపిన ఫలితం కాబట్టి మేమందరం సంతోషించాం.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. అన్నయ్య కీమోకు బదులుగా అంటున్నాడు. ఆ పరీక్షలో ఇచ్చింది కీమోకు తోడుగా. మీ డాక్టరు గారు రాసిన పాక్లిటాక్సెల్, బెవాసిజుమాబ్‌లే ఆ వైద్యానికి పునాది. ఆ జోడీ కూడా ఊరికే రాసింది కాదు. ఈ దశలో కీమోకు బెవాసిజుమాబ్ కలిపితే జబ్బు పెరగకుండా ఉండే కాలం 3.4 నెలల నుంచి 6.7 నెలలకు పెరిగిందని 2014లో అచ్చయిన పరీక్షలో తేలింది. అందులోనూ వారం వారం పాక్లిటాక్సెల్ తీసుకున్నవాళ్లకే ఎక్కువ మేలు కనిపించింది. కాబట్టి ఇమ్యునోథెరపీ సంగతి తేలేదాకా కీమో మొదలుపెట్టకుండా కూర్చోవద్దు. పొట్టలో నీరు చేరుతున్నప్పుడు వారాలు పోగొట్టుకోకూడదు.

సీపీఎస్ 3 అంటే వందకు మూడు మార్కులని కంగారు పడకండి. పీడీ-ఎల్1 ఉన్న క్యాన్సర్ కణాలూ, అక్కడున్న లింఫోసైట్లూ (టి కణాల జాతి తెల్లకణాలు), మాక్రోఫేజ్‌లూ అన్నీ కలిపి లెక్కపెట్టి, ప్రతి వంద క్యాన్సర్ కణాలకూ ఎన్ని ఉన్నాయో చెప్పే సంఖ్య అది. ఆ పరీక్షలో గీత 1 దగ్గర గీశారు, మీ అమ్మగారిది దాటింది. అంటే ఈ మందు గురించి డాక్టరుతో మాట్లాడటానికి అర్హత ఉంది. పనిచేస్తుందన్న హామీ మాత్రం కాదు.

ఇక కీళ్లవాతం దగ్గరికి వస్తాను. 1999లో హోంజో బృందమే, పుట్టుకతోనే పీడీ-1 లేని ఎలుకలను పెంచి చూసింది. వాటికి వయసు మీదపడే కొద్దీ కీళ్ల వాపులు వచ్చాయి, కిడ్నీలు దెబ్బతిన్నాయి. అంటే చిక్కం లేని ఎద్దు పైరు మేసింది. రుమటాయిడ్ కీళ్లవాతం కూడా సరిగ్గా అలాంటిదే, రోగనిరోధక కణాలు సొంత కీళ్లనే తినే జబ్బు. అందుకే ఇలాంటి జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లను ఈ మందుల పరీక్షల్లో మామూలుగా చేర్చుకోరు. పైన చెప్పిన 18.2 నెలల లెక్క మీ అమ్మగారికి అలాగే వర్తిస్తుందని అనుకోవడానికి లేనిది ఇందుకే.

అలాగని తలుపు మూసుకుపోలేదు. వేరే క్యాన్సర్లలో కీళ్లవాతం లాంటి జబ్బులున్నవాళ్లకు ఈ మందులు ఇచ్చినప్పుడు దాదాపు సగం మందికి పాత జబ్బు మళ్లీ పెరిగింది. ఎక్కువమందికి స్టెరాయిడ్‌తో అదుపులోకి వచ్చింది, కొందరికి మాత్రం క్యాన్సర్ మందు ఆపాల్సి వచ్చింది. అమ్మగారి కీళ్లు ఇప్పుడు ఎలా ఉన్నాయి, పొద్దున లేవగానే ఎంతసేపు బిగుసుకుపోతున్నాయి, మాత్రలు తగ్గిస్తే ఏమవుతుంది అన్నవి కీళ్ల డాక్టరే చెప్పగలరు. ఆయన రాసిచ్చిన కాగితం లేకుండా ఈ నిర్ణయం ఎవరూ తీసుకోకూడదు. కొత్తగా వచ్చే ఇబ్బందులు కూడా ఉంటాయి. పేగు వాచి విరేచనాలు, ఊపిరితిత్తుల వాపుతో ఆయాసం, లివర్ వాపు, థైరాయిడ్ తేడాలు. అరుదుగా ఇవి ప్రాణాల మీదకు తెస్తాయి. మందు ఆపిన నెలల తర్వాత కూడా రావచ్చు.

మిగతా రిసెప్టర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. నివోలుమాబ్‌కు సీటీఎల్ఏ-4ను మూసే ఇపిలిముమాబ్ కలిపి అమెరికాలో 100 మందితో చేసిన పరీక్షలో గడ్డలు తగ్గినవాళ్లు 12 శాతం నుంచి 31 శాతానికి పెరిగారు, కానీ ఆ మేలు ఎక్కువ కాలం నిలవలేదు. మాక్రోఫేజ్‌ల మీద సిగ్లెక్-10 అనే రిసెప్టర్ ఉంది, అండాశయ క్యాన్సర్ కణాలు సీడీ24 అనే ప్రొటీన్‌తో దాన్ని నిద్రపుచ్చుతాయని 2019లో తేలింది. అది ఇంకా పరిశోధనలోనే ఉంది. మన దేశంలో 2023లో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టి వైద్యం (రోగి టి కణాలనే బయట మార్చి తిరిగి ఎక్కించేది) కొన్ని రక్త క్యాన్సర్లకు మాత్రమే. ఇంకొకటి, అమెరికాలో వాడుతున్న మిర్వెటుక్సిమాబ్ గురి చూసేది రోగనిరోధక కణాన్ని కాదు, క్యాన్సర్ కణం మీదే ఉండే ఫోలేట్ రిసెప్టర్‌ను. అన్నయ్య ఈ రెండు రకాలనూ కలిపేసి ఉండొచ్చు. మీ బయాప్సీ బ్లాక్ మీద ఫోలేట్ రిసెప్టర్ పరీక్ష చేయించడం వల్ల ఇప్పుడు ఏమైనా ఉపయోగం ఉంటుందా అని డాక్టరును అడగండి.

పొలం గురించి. కీనోట్-బి96లో పెంబ్రోలిజుమాబ్‌ను ఆరు వారాలకోసారి 400 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 18 సార్లు, అంటే రెండేళ్లు ఇచ్చారు. ఒక డోసు ఖరీదు చూసి లెక్క వేసుకోవద్దు. కనీసం మొదటి ఆరు నెలలకు అన్నీ కలిపి ఎంతవుతుందో ఆస్పత్రిలో రాయించుకోండి. మధ్యలో డబ్బు అయిపోయి ఆపడం కన్నా దుఃఖం లేదు. బెవాసిజుమాబ్‌ను హైదరాబాద్ హెటెరోతో సహా మన కంపెనీలే తయారుచేస్తున్నాయి, కాబట్టి ఏ కంపెనీది ఎంతో అడిగి తీసుకోండి. ప్రభుత్వ పథకంలో ఏది వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు. తక్కువ డోసు ఇస్తారట కదా అని ఎవరైనా అంటే, అది ముంబయి టాటా ఆస్పత్రి డాక్టర్లు తల, మెడ క్యాన్సర్లలో చేసిన పని అని తెలుసుకోండి. అక్కడ 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ కలిపితే ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. గొప్ప ఫలితమే, కానీ అది అండాశయ క్యాన్సర్ మీద చేసింది కాదు.

సంతకం పెట్టే ముందు రెండో అభిప్రాయం తీసుకోండి. మీకు చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర. విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం ఉన్నాయి. మన దేశంలో జరిగే ఔషధ పరీక్షల వివరాలు సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. అన్నయ్యకు ఆ పని అప్పగించండి. దూరంగా ఉండి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధ అతనికీ ఉంటుంది.

ఇక, ఆ సంతకం పెట్టాల్సింది అమ్మగారు. నీరసానికి ఇంజెక్షన్ల కోసం రెండెకరాలు అమ్ముతున్నామని ఆవిడకి ఎలా చెబుతారు? ఆవిడ మీద ప్రేమతోనే దాచారని నాకు తెలుసు. తట్టుకోలేదేమోనన్న భయం ఎందరో పిల్లల్లో చూశాను. కానీ ఏడాదిన్నరగా కీమో, ఆపరేషన్ దాటుకొచ్చిన మనిషికి మళ్లీ పొట్ట ఉబ్బితే అర్థం కాకుండా ఉంటుందా? ఇంకో కారణం కూడా ఉంది. ఈ మందు తీసుకునేవాళ్లకు విరేచనాలు మొదలైన మొదటి రోజే, మెట్లెక్కితే ఆయాసం వచ్చిన మొదటి రోజే డాక్టరుకు ఫోన్ వెళ్లాలి. అది బలం ఇంజెక్షన్ అనుకున్న మనిషి మజ్జిగ తాగి పడుకుంటుంది. చెప్పకుండా ఈ మందు ఇవ్వడం క్షేమం కాదు. అన్నీ ఒక్కసారే చెప్పనక్కర్లేదు. 'జబ్బు మళ్లీ కొంచెం కనిపించిందమ్మా, మందులు ఉన్నాయి, ఏం చేద్దామో నువ్వే చెప్పు' అని మొదలుపెట్టండి. ఆవిడ పొలం అమ్మమనవచ్చు, వద్దనవచ్చు. వద్దంటే, పాక్లిటాక్సెల్, బెవాసిజుమాబ్ ఇప్పించడం అమ్మను వదిలేయడం కాదు. ఆ తప్పు చేశామన్న భావన మీరు మోయనక్కర్లేదు.

ఒక్కటి మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. అమ్మగారికి బీఆర్‌సీఏ జన్యు పరీక్ష, అంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యు మార్పు ఉందేమో చూసే పరీక్ష చేశారా? హై గ్రేడ్ సీరస్ రకం వచ్చిన ప్రతి స్త్రీకీ ఆ పరీక్ష చేయాలి. సుమారు ఆరుగురిలో ఒకరికి పుట్టుకతో వచ్చిన బీఆర్‌సీఏ మార్పు ఉంటుంది. దాని మీద ఆధారపడే ఒలాపరిబ్ లాంటి మాత్రలు ప్లాటినంకు లొంగే దశలో ఎక్కువ మేలు చేస్తాయి, ఇప్పుడు అమ్మగారికి వాటి పాత్ర తక్కువ. కానీ ఆవిడకి ఆ మార్పు ఉంటే మీకూ, మీ అన్నయ్యకూ ఉండే అవకాశం ఒక్కొక్కరికి సగానికి సగం. మీకు ఉంటే అది అండాశయానికే కాదు, రొమ్ముకూ సంబంధించిన విషయం, ముందుగా తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. కీళ్ల డాక్టరు చీటీతో పాటు ఈ ప్రశ్న కూడా కాగితం మీద రాసుకుని వెళ్లండి. రిపోర్టు వచ్చాక మీ వయసు, మీకు పిల్లలున్నారా అన్నది రాస్తూ నాకు మళ్లీ ఉత్తరం రాయండి.